తల తేలిక మందు

"చివరిసారిగా ఆవిడ దగ్గు ఎప్పుడు విన్నారు?"

డిటెక్టివ్ దుర్గాసాయి అడిగిన ఆ ప్రశ్నకు పాపాయమ్మ చేతిలోని లేసు సూది ఆగిపోయింది. చనిపోయిన మనిషి చివరిగా ఏం మాట్లాడిందని అడుగుతారు, ఏం తిన్నదని అడుగుతారు. దగ్గు గురించి అడిగేవాణ్ణి ఆవిడ ఇదే చూడటం.

"బుధవారం తెల్లారగట్లండి," అంది కాస్త ఆలోచించి. "రోజూ అయిదున్నరకి మొదలెట్టేదండి మరిడమ్మ. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక్కటే గోడ. ఆవిడ దగ్గు విని నేను లేచి పొయ్యి ముట్టించుకునేదాన్ని."

"గురువారం?"

"వినపళ్ళేదండి."

"శుక్రవారం?"

"లేదండి." పాపాయమ్మ తల దించుకుంది. "మందు బాగా పట్టిందనుకున్నామండి. పోన్లే పాపం, ఇన్నాళ్ళకి హాయిగా నిద్దరోతోందనుకున్నాం."

దుర్గాసాయి ఆ గోడ వంక చూశాడు. గోడ అవతల ఒక మనిషి మెల్లమెల్లగా చచ్చిపోతూ ఉంటే, గోడ ఇవతల వాళ్ళు ఆమె బాగుపడుతోందని సంతోషించారు. శనివారం ఉదయం ఎనిమిదింటికి తలుపు తోసి చూసేసరికి మరిడమ్మ మంచం మీద చల్లబడిపోయి ఉంది. ఆమె భర్త బుల్లియ్య చేపల వేటకు వెళ్ళాడు, మధ్యాహ్నానికి గానీ ఒడ్డుకు చేరలేదు.

ఈరోజు మంగళవారం. టైము పదకొండూ పది. రేపు ఉదయం పదిన్నరకు కోర్టు.

డిటెక్టివ్ అంటే పెద్ద మాటగానీ, రాజమండ్రిలో దుర్గాసాయి ఆఫీసు ఒక గదీ, రెండు కుర్చీలూ. అంతకుముందు పన్నెండేళ్ళు మందుల కంపెనీ సంచీ భుజాన వేసుకుని డాక్టర్ల గుమ్మాల దగ్గర పడిగాపులు పడ్డవాడు. అక్కడ నేర్చుకున్న ఓపికతోనే ఇక్కడ బతుకుతున్నాడు. ఈ కేసు అప్పగించింది లోవరాజు కుటుంబం తరఫు ప్లీడరు. ఆగస్టు నెలలో వెంకన్న అనే ఆసామి మరబోటు ఒక చిన్న నావను గుద్దేసి, అందులో ఉన్న లోవరాజును పొట్టన పెట్టుకుంది. బోటు నడిపింది కూలివాడని వెంకన్న కోర్టులో చెప్పాడు. కాదు, నడిపింది వెంకన్నేనని ఒడ్డు మీంచి కళ్ళారా చూసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు మరిడమ్మ, రెండోవారు ఆమె తోటికోడలు నూకరత్నం. వాళ్ళిద్దర్నీ కోర్టు బోను దాకా క్షేమంగా చేర్చడమే దుర్గాసాయి పని.

ఒకరు పోయారు. రెండో ఆవిణ్ణి ఆదివారమే కడియం తీసుకెళ్ళి, స్నేహితుడు బుల్లబ్బాయి నర్సరీ మధ్యలో ఉన్న పెంకుటింట్లో దాచాడు. ఆ చోటు తనకూ, బుల్లబ్బాయికీ, రేపటికి కారు ఏర్పాటు చెయ్యాలని ఈ ఉదయం ఫోన్ చేసి అడిగిన ప్లీడరు గారి గుమాస్తా మణిదీప్‌కూ తప్ప నాలుగో మనిషికి తెలియదు. నూకరత్నం రేపు పదిన్నర దాకా ఊపిరితో ఉండాలి. దుర్గాసాయి మూడు రోజులుగా సరిగ్గా అన్నం తినకపోవడానికి కారణం అదొక్కటే.

"లోపల ఒకసారి చూడొచ్చా?"

పాపాయమ్మ తాళం తీసింది. ఒక్కటే గది. మూలన గూడు, గూట్లో సీసాలు వరసగా. ఒంటినొప్పుల నూనె సీసా మెడకు నీలం దారం, కడుపులో మంటకు తాగే మందుకు ఎర్ర దారం. మూడో సీసా చోటు ఖాళీ. దాన్ని పోలీసులు పట్టుకెళ్ళారు.

"తెల్ల దారం తల తేలిక మందుకి కదండీ?" అన్నాడు.

"ఆయ్. మాకు చదువు రాదు కదండీ, సీసాలన్నీ ఒక్కలాగే అగుపిస్తాయి. అందుకని వీధందరికీ నేనే దారాలేస్తానండి. మీకు మొన్న బుధవారం మరిడమ్మ చెప్పిందిగా."

చెప్పింది. ఆరేళ్ళుగా అదే మందు తాగుతోందనీ చెప్పింది. తోటికోడళ్ళిద్దరూ ముప్ఫయ్యేళ్ళు చేపలకు పొగ పెట్టే కొట్టాల్లో పనిచేశారు. ఆ పొగ ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. ఆ జబ్బు తగ్గేది కాదని డాక్టరు చెప్పేశాడు. జబ్బు కంటే ఎక్కువ బాధ తలది. ముక్కూ చెవులూ మూసుకుపోయి, కళ్ళ వెనక ఎవరో ఇసక పోసినట్టు బరువు. కఫం కదిలించే మందు రెండు మూతలు, పైన చెంబుడు వేణ్ణీళ్ళు. అరగంట దగ్గి దగ్గి ఊస్తే తల తేలికపడేది. అందుకే ఆ వీధి ఆడవాళ్ళు దానికి ఆ పేరు పెట్టుకున్నారు. ఏడాదిలో ఎనిమిది నెలలు జలుబుతో ముక్కు చీదే దుర్గాసాయికి ఆ మందు విలువ ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

మంచం కింద బూడిద పోసిన డబ్బా ఉంది. ఊయడానికి పెట్టుకున్నది. వంగి చూశాడు. పైన బూడిద పొడిగా, కదలకుండా ఉంది.

"ఇందులో బూడిద ఎప్పుడు మార్చేవారు?"

"రోజూ పొద్దున్నేనండి. బుధవారం పొద్దున్న నేనే పోసిచ్చాను. తరవాత మార్చలేదండి."

అంటే బుధవారం పొద్దున్న తరవాత మరిడమ్మ ఒక్కసారి కూడా ఊయలేదు. కఫం కదిలించే మందు తాగే మనిషి మూడు రోజులు ఊయకుండా ఉండటం జరిగే పని కాదు. ఆవిడ తాగింది ఆ మందు కాదు.

దుర్గాసాయి సెల్‌ఫోన్ లైటు వేసి గూటి కింద నేలంతా వెతికాడు. గోడకూ బియ్యం డబ్బాకూ మధ్య తెల్లగా ఏదో కనిపించింది. తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. సన్నని తెల్ల దారంతో అల్లిన చిన్న ఉచ్చు. ఎక్కడా తెగలేదు.

పాపాయమ్మ చూసీ చూడగానే, "ఇది నేనేసిందేనండి," అంది. "సీసా అయిపోతే ఒక్క లాగు లాగితే ఊడొచ్చేస్తుంది. మళ్ళీ కొత్త సీసాకి వేసుకోడమే. అయినా ఇది కింద పడిందేంటి? సీసాలో ఇంకా మందు ఉందే!"

"ముడి వెయ్యరా?"

"ముడా!" ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "లేసు అల్లే చెయ్యి ముడి వేస్తుందాండి? అల్లికలో ముడి కనపడితే ముక్క తిప్పి మొహాన కొడతారు. చిన్నప్పట్నుంచీ మాకు ముడంటేనే భయం. ఉచ్చు లాగడమేనండి, ముడి మాత్రం వెయ్యం."

దుర్గాసాయి ఆ ఉచ్చును కాగితంలో మడిచి జేబులో పెట్టుకున్నాడు. బుధవారం ఈ ఇంటికి ఎవరెవరు వచ్చారని అడిగాడు.

"పొద్దున్న తొమ్మిదింటికి మీరూ, ఆ ప్లీడరు గారి మణిదీపూ. రెండింటికి వెంకన్న మనిషొకడు వచ్చి వీధిలో నిలబడి నానా మాటలూ అని పోయాడండి. సాయంత్రం అయిదింటికి మణిదీప్ మళ్ళీ ఒక్కడే వచ్చి, ఏదో కాయితం మీద వేలిముద్ర వేయించుకుని టీ తాగి వెళ్ళాడు. అంతేనండి."

"వెంకన్న మనిషి లోపలికి వచ్చాడా?"

"గుమ్మం ఎక్కలేదండి. నేను ఇక్కడే కూచున్నాను."

"మీరు నీళ్ళకి గానీ, కొట్టుకి గానీ వెళ్ళలేదా?"

"మూడింటికి ఓసారి వెళ్ళానేమోనండి."

దుర్గాసాయి ఆ మూడింటి మాటనే పట్టుకున్నాడు. పాపాయమ్మ లేని ఆ కాసేపట్లోనే వెంకన్న మనిషి లోపల దూరాడని మనసులో రాసేసుకున్నాడు. మనిషికి శత్రువు మీద ఉన్నంత గురి ఇంకెవరి మీదా ఉండదు.

* * *

స్టేషన్ చేరేసరికి రెండున్నర దాటింది. ఎస్సై ఉదయ్‌కుమార్‌కు దుర్గాసాయి అంటే పంటి కింద రాయి. రెండేళ్ళ కిందట ఒక దొంగతనం కేసులో ఎస్సై పట్టుకున్నవాడు దొంగ కాదని ఇతను పదిమందిలో నిరూపించాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"రండి డిటెక్టివ్ గారూ," అన్నాడు కుర్చీ చూపించకుండానే. "కేసు అయిపోయింది. మెడికల్ షాపు అమ్మాయి నాసిరకం మందు అమ్మింది. ముసలావిడ పోయింది. అయిదింటికి మేజిస్ట్రేటు గారి ముందు పెడుతున్నాను."

"ఆ అమ్మాయితో అయిదు నిమిషాలు మాట్లాడనివ్వండి."

"మీరెవరండీ మాట్లాడటానికి?"

"మీ కేసు రేపు పేపర్లో పడి నవ్వులపాలు కాకుండా ఆపడానికి వచ్చినవాణ్ణి."

ఎస్సై మొహం కందగడ్డయింది. అయినా కానిస్టేబుల్ వైపు తల ఊపాడు. భయం అతనికీ ఉన్నట్టుంది.

షాపు అమ్మాయి సారికకు పాతికేళ్ళుంటాయి. రాత్రంతా ఏడ్చిన కళ్ళు. దుర్గాసాయి ఓదార్పులకు పోకుండా సూటిగా అడిగాడు.

"మరిడమ్మ గారికి ఏం అమ్మారు?"

"ఎప్పుడూ ఇచ్చేదేనండి. కఫం పల్చబరిచే సిరప్. దానికి డాక్టరు చీటీ అక్కర్లేదు. ఒకటో తారీకున పట్టుకెళ్ళారు. నీళ్ళు ఎక్కువ తాగమని ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాను."

"అది తాగితే దగ్గు తగ్గుతుందా?"

"లేదండి!" సారిక గొంతు లేచింది. "మొదట్లో ఇంకాస్త ఎక్కువవుతుందండి. లోపలున్నది కదిలి బయటికి రావాలి కదా. దగ్గు ఆపేసే మందులు వేరు. అందులో మత్తు కలిసినవైతే చీటీ ఉన్నా నేను ఆవిడకి ఇవ్వను, డాక్టరు గారికి ఫోన్ చేసి అడుగుతాను. ఆ ఊపిరితిత్తులతో ఉన్న మనిషికి దగ్గు ఒక్కటేనండి కాపలా. అది ఆగిపోయి మత్తుగా పడుకుంటే, ఊపిరి అలా అలా తగ్గిపోతూ..."

దుర్గాసాయి ఎస్సై వైపు తిరిగాడు.

"గురువారం నుంచి ఆవిడ దగ్గలేదు. పక్కింటావిడ సాక్షి. సీసా ఒకసారి చూపించండి."

"లాబ్‌కి పంపాలి."

"ముట్టుకోనండి. చూస్తాను."

బీరువాలోంచి ప్లాస్టిక్ సంచీ బయటికొచ్చింది. లోపల సీసా, షాపు బిల్లు. బిల్లు మీద బ్యాచ్ నెంబరు చివర నలభై ఒకటి. సీసా లేబుల్ మీద పదిహేడు.

"రెండు రోజులుగా రెండూ మీ బీరువాలోనే పక్కపక్కన పడుకున్నాయండి," అన్నాడు దుర్గాసాయి. "ఇది సారిక అమ్మిన సీసా కాదు. లేబుల్ అదే గానీ సీసా వేరు, లోపల మందు వేరు."

ఎస్సై సంచీని లాక్కుని రెండుసార్లు చదివాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

దుర్గాసాయి చూపు అప్పటికే సీసా మెడ మీదికి పోయింది. అక్కడ తెల్ల దారం ఉంది. జేబులోంచి పాపాయమ్మ ఉచ్చు తీసి పక్కన పెట్టాడు. అది మెత్తగా, వెంట్రుకంత సన్నగా ఉంది. సీసాకు ఉన్నది లావుగా, మైనం పట్టించి బిర్రుగా ఉంది. వెనక పీటముడి.

దీన్ని కట్టినవాడికి తెల్ల దారం ఉండాలని తెలుసు. ఆ దారానికి ముడి వెయ్యరని తెలియదు. అంటే వీధి మనిషి కాదు. ఎవరో చెప్పగా విన్నవాడు.

ఇలాంటి దారం తను ఎక్కడో చూశాడు. ఎక్కడ? తల ఎత్తాడు. ఎస్సై బల్ల మీద కాగితాల కట్ట ఉంది. దాని అంచును దబ్బనంతో పొడిచి కుట్టారు. తెల్లగా, లావుగా, మైనం పట్టించిన దారం. చివర పీటముడి.

దుర్గాసాయి ఒక అడుగు వెనక్కి వేశాడు. గదికి ఒకటే తలుపు. తలుపుకు అడ్డంగా కానిస్టేబుల్.

"ఎస్సై గారూ," అన్నాడు, "ఈ కట్ట ఎవరు కుట్టారు?"

ఉదయ్‌కుమార్ అతని చూపు వెంటే సీసానూ, కట్టనూ చూశాడు. అర్థమై బల్ల మీద గుద్దాడు.

"నన్ననుమానిస్తున్నావా! ఏరా, నన్నా?"

"ఎవరు కుట్టారో చెప్పండి."

"మా స్టేషన్లో కాగితాలకి ట్యాగులే గానీ కుట్లుండవు. అది మీ వాళ్ళ కట్టే. రేపు సాక్షికి పోలీసు కాపలా కావాలని మీ ప్లీడరు పెట్టిన అర్జీ. నిన్న మణిదీప్ తెచ్చిచ్చాడు. వాడే కుట్టాడట, దారం గట్టిదని గొప్పలు కూడా పోయాడు."

దుర్గాసాయి సీసా మెడకున్న పీటముడి వంక మళ్ళీ చూశాడు.

బుధవారం ఉదయం తొమ్మిదింటికి మరిడమ్మ గదిలో తను మందు సీసా చేతిలోకి తీసుకుని, పక్కన నిలబడిన మణిదీప్‌కు చూపించాడు. చూశావా, చదువు రాకపోయినా ఎంత తెలివో, తెల్ల దారం ఉంటే తల మందని గుడ్డిగా నమ్మి తాగేస్తారు అన్నాడు. మణిదీప్ నవ్వి, భలే ఉందండి అన్నాడు. సాయంత్రం అయిదింటికి ఒక్కడే తిరిగొచ్చాడు. పిన్నిగారూ అంటూ టీ కాయించుకున్నాడు. పాపాయమ్మ ఆ మాట చెప్పినప్పుడు, మనవాడే కదా అని తను దాటేశాడు. వెంకన్న మనిషిని వీధిలో వెతికాడు. వెంకన్న మనిషి ఇంట్లోనే కూర్చుని టీ తాగాడు.

మరిడమ్మను ఎలా చంపాలో వాడికి చెప్పింది తనే. ఆ నిజం గుండెలో దిగబడేలోపే రెండోది వచ్చి పడింది. ఈ ఉదయం ఎనిమిదింటికి ఆ వెధవకు కడియం చిరునామా చెప్పింది కూడా తనే. నూకరత్నమూ అదే మందు తాగుతుంది. అదే తెల్ల దారం.

"ఫోన్! కడియం స్టేషన్‌కి ఫోన్ చెయ్యండి!" అని అరిచాడు. బుల్లబ్బాయి నర్సరీ పేరూ, దారీ గబగబా చెప్పాడు. ఉదయ్‌కుమార్ ఇంకో ప్రశ్న వెయ్యలేదు. పాత మంటలన్నీ పక్కన పెట్టి అప్పటికే నెంబరు నొక్కుతున్నాడు.

బుల్లబ్బాయి ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. టైము మూడూ ఇరవై. దుర్గాసాయి నూకరత్నం నెంబరు కొట్టాడు. అయిదో రింగుకు ఎత్తారు.

"నూకరత్నం గారూ! ఏ మందూ తాగకండి. వింటున్నారా?"

అటువైపు నుంచి ఒక మర్యాదైన గొంతు పలికింది.

"నమస్కారమండి సార్. నేను మణిదీప్‌నండి."

ఎదురుగా ఎస్సై ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, రెండు చేతుల వేళ్ళనూ రెండుసార్లు విప్పి చూపించాడు. కడియం పోలీసులు చేరడానికి ఇరవై నిమిషాలు. మాట్లాడిస్తూ ఉండమని సైగ చేశాడు.

"నువ్వా మణిదీప్! అప్పుడే వెళ్ళిపోయావేంటి? కారు రేపు కదా."

"ఒక రోజు ముందే వద్దామనిపించిందండి. పిన్నిగారు ఒక్కరే ఉన్నారు కదా పాపం."

"బుల్లబ్బాయి ఏడీ?"

"మొక్కల లారీ ఎక్కించడానికి రోడ్డు మీదికి వెళ్ళారండి. చుట్టుపక్కల ఎవరూ లేరు. చాలా ప్రశాంతంగా ఉందండి ఇక్కడ."

"ఫోన్ ఒకసారి ఆవిడకివ్వు."

"పడుకున్నారండి. తల బరువుగా ఉందంటే, మధ్యాహ్నం నేనే మందు పోసిచ్చాను. రెండు మూతలు చాలవంటే ఇంకో రెండు పోశాను. లేపమంటారా?"

లేపమంటే, సంగతి బయటపడిందన్న వాడి అనుమానం రూఢి అయిపోతుంది. వద్దంటే ఆవిడ ఇంకో ఇరవై నిమిషాలు ఆ మత్తులోకి దిగిపోతుంది.

"లేపు," అన్నాడు.

ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడు. తరవాత అవతల మణిదీప్ గొంతు, ఎంతో ఆప్యాయంగా, "పిన్నీ," అంది. ఇంకోసారి "పిన్నీ, లేవండి," అంది. దుర్గాసాయి ఫోన్‌ను చెవికి నొక్కుకున్నాడు. అటు చాప కదిలిన అలికిడి గానీ, మూలుగు గానీ లేదు.

మణిదీప్ మళ్ళీ ఫోన్ తీసుకున్నాడు.

"లేవట్లేదండి సార్," అన్నాడు. "ఏం చెయ్యమంటారు?"